ఒక వరుస అంటే ఏంటి?

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఏం చేశావో చూపించమంటే ల్యాప్‌టాప్ తెరిచి నా డిసెంబర్ పజిళ్లు చూపించాను. ఇరవై దాకా ఉన్నాయి, అన్నీ నైమ్ అనే, డబ్బాలు కలిపి పని చేయించే సాఫ్ట్‌వేర్‌లో చేసినవే. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు, డబ్బాకీ డబ్బాకీ మధ్య గీతలు. ఎదురుగా ఉన్నాయన రెండు నిమిషాలు చూసి, "బాగానే ఉందమ్మా, కానీ ఇది ప్రోగ్రామింగ్ కాదు కదా, బొమ్మలు కలపడం. కోడ్ ఏది?" అన్నాడు. నేనేదో నసిగాను. ఉద్యోగం రాలేదు. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి, జావాలో అడిగినవాటికి సగం కూడా చెప్పలేదు. కానీ ఆ "కోడ్ ఏది" అన్న మాట మాత్రం మిర్యాలగూడ బస్సెక్కినా వదల్లేదు. నార్కట్‌పల్లి దాటేదాకా ఆయనకు మనసులో జవాబులు చెప్తూనే ఉన్నాను. అన్నీ చెత్త జవాబులే. ఇప్పుడు కాస్త మెరుగైనది ఒకటి దొరికింది, అందుకే రాస్తున్నా.

ముందు పజిళ్ల సంగతి. ఎరిక్ వాస్టల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2015 నుంచి ఏటా డిసెంబర్‌లో 'అడ్వెంట్ ఆఫ్ కోడ్' అని నడుపుతున్నాడు. 2024 దాకా ఒకటో తారీఖు నుంచి ఇరవై అయిదు వరకు రోజుకో పజిల్ ఉండేది. 2025లో పన్నెండు రోజులకు కుదించాడు. ఒక్కోదానికి రెండు భాగాలు, మొదటిది చేస్తేనే రెండోది కనబడుతుంది. ఇన్‌పుట్ ఇస్తారు, చివర్లో ఒక జవాబు అడుగుతారు. ఆ జవాబు జావాలో తెచ్చావా, ఎక్సెల్‌లో తెచ్చావా, కాగితం మీద తెచ్చావా అని ఎవరూ అడగరు. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి పన్నెండుకి తెరుస్తారు, అంటే మనకు పొద్దున పదిన్నర. అక్కడివాళ్లు నిద్ర ఆపుకుని కూర్చుంటారు. నాకు అది సరిగ్గా టీమ్ మీటింగ్ టైమ్, కెమెరా ఆఫ్ చేసుకుని చదువుతాను.

నైమ్ అనేది జర్మనీలోని కాన్‌స్టాన్జ్ యూనివర్సిటీలో 2004లో మొదలైంది, 2006లో మొదటి వెర్షన్ బయటికొచ్చింది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇంగ్లిషులో పేరు ముందు ఒక 'కె' ఉంటుంది గానీ పలకదు. అందులో ఒక్కో డబ్బా ఒక్కో పని చేస్తుంది. ఒకటి ఫైల్ చదువుతుంది, ఒకటి వడపోస్తుంది, ఒకటి కూడుతుంది, ఒకటి రెండు పట్టికల్ని జత చేస్తుంది. డబ్బా కింద మూడు లైట్లుంటాయి. ఎరుపంటే సెట్టింగులు ఇంకా ఇవ్వలేదని, పసుపంటే సిద్ధంగా ఉందని, పచ్చ అంటే పని అయిపోయిందని. పచ్చ వెలిగిన ఏ డబ్బా మీద నొక్కినా దాంట్లోంచి బయటికొచ్చిన పట్టిక కనిపిస్తుంది.

నాకు ఇది మొదటి రోజే అర్థమవడానికి కారణం మా నాయిన. ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆపరేటర్. చిన్నప్పుడు సద్ది ఇవ్వడానికి వెళ్లి అక్కడే తిరిగేదాన్ని. వడ్లు పైకి పోతాయి, క్లీనర్‌లో మట్టీ రాళ్లూ పోతాయి, రబ్బర్ రోల్ షెల్లర్‌లో ఊక ఊడుతుంది, పాలిష్‌లో తవుడు పోతుంది, గ్రేడర్‌లో నూక వేరవుతుంది. మిషన్‌కీ మిషన్‌కీ మధ్య ఎక్కడ చెయ్యి పెట్టినా గుప్పెడు గింజలు తీసి చూడొచ్చు. నాయిన రోజంతా చేసే పని అదే. మిషన్ వైపు చూడడు, దాని మూతి దగ్గర పడుతున్న గింజ చూస్తాడు. అరచేతిలో పోసుకుని బొటనవేలితో రుద్ది, నూక ఎక్కువొస్తుందంటే వెనక్కి పోయి రోలర్ల సందు సవరిస్తాడు.

అమీర్‌పేట కోచింగ్‌లో నాకు అందనిది ఇదే. ప్రోగ్రామ్ మొత్తం రాసి రన్ కొడితే చివర్లో ఒక అంకె వస్తుంది, లేదంటే ఎర్రక్షరాలు వస్తాయి. మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే అక్కడి విలువను తెర మీద చూపించే ప్రింట్ లైను పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలో తెలియాలంటే తప్పు ఎక్కడుందో ముందే తెలియాలి. ప్రోగ్రామ్‌ను ఆపి ఆపి చూపించే డీబగ్గర్ ఉంటుందిగా అంటారు. ఉంటుంది. నలభై అయిదు రోజుల బ్యాచ్‌లో దాని పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

మొదటిసారి నైమ్ తెరిచి నాయినకు చూపించినప్పుడు ఆయన మెచ్చుకుంటాడనుకున్నా. వడపోసే డబ్బా వైపు వేలు పెట్టి, "మంచియి అటు పోతయి సరే. మరి ఊక ఎటు పోతది బిడ్డా?" అన్నాడు. పోతుంది, అంతే అన్నాను. "పోతది అంటే? ఎంత పోతుందో తెల్వకుంటే ఎట్ల?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ మాట విలువ నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఇప్పుడు వరుసల్ని వడపోసే రో ఫిల్టర్ కంటే రెండుగా చీల్చే రో స్ప్లిటరే ఎక్కువ వాడతాను, కింది దారిలో పోయిన చెత్తను కూడా ఒకసారి తెరిచి చూస్తాను. ఆఫీసులో రెండు పట్టికలు ఊరి పేరు మీద జత చేస్తే ఒకసారి నూటికి పైగా వరుసలు మాయమయ్యాయి. ఒకదాంట్లో మిర్యాలగూడ, ఇంకోదాంట్లో మిర్యాలగూడెం. మనం రెండూ అంటాం కదా. జాయినర్‌లో జతపడనివి విడిగా బయటికిచ్చే సెట్టింగ్ ఉంది కాబట్టి పది నిమిషాల్లో దొరికింది, లేకుంటే ఆ రిపోర్ట్ అలాగే పైకి వెళ్లిపోయేది.

సరే, పజిళ్లకు వద్దాం. 2021 మొదటి రోజుది అందరికీ సులువైనదే. సముద్రం లోతు కొలతలు వరసగా ఇస్తారు: 199, 200, 208, 210, 200, 207, 240, 269, 260, 263. ముందుదానికంటే ఎన్నిసార్లు పెరిగింది? ఇక్కడ జవాబు 7. కోడ్‌లో అయితే ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పే లూప్ పెట్టి, వెనకటి అంకెను ఒక వేరియబుల్‌లో దాచుకుని పోలుస్తారు. నైమ్‌లో లాగ్ కాలమ్ అని ఒక డబ్బా ఉంది, ప్రతి వరుసలో పక్కనే వెనకటి వరుస అంకెను తెచ్చి పెడుతుంది. 200 పక్కన 199, 208 పక్కన 200. ఇక పెద్దదో కాదో చూసి లెక్కపెట్టడమే.

రెండో భాగంలో మూడేసి అంకెల మొత్తాల్ని పోల్చమంటారు. 199, 200, 208 కలిపితే ఎంత, 200, 208, 210 కలిపితే ఎంత, రెండోది పెద్దదా? దానికీ ఒక డబ్బా ఉంది, లాగి పెట్టాను. పెట్టి పట్టిక తెరిచి చూస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. మొదటి మొత్తంలోనూ రెండో మొత్తంలోనూ 200, 208 ఉన్నాయి. రెండు పక్కలా ఉన్నది పోలికలో లెక్కే కాదు. మిగిలింది 199, 210 మాత్రమే. అంటే మూడు వరుసల వెనకటి అంకెతో పోలిస్తే చాలు, కూడికే అక్కర్లేదు. కొత్త డబ్బా తీసేసి, పాత లాగ్ కాలమ్‌లో ఒకటి ఉన్న చోట మూడు కొట్టాను. జవాబు 5. కోడ్ రాసేవాళ్లూ ఈ కిటుకు పట్టుకుంటారు, కాదనను. నాకు మాత్రం అది పట్టికలో కళ్ల ముందు పరుచుకుని ఉండటం వల్ల దొరికింది.

2020 మొదటి రోజుది ఇంకో రకం. అంకెల జాబితాలో ఏ రెండు కలిపితే 2020 వస్తుందో కనుక్కుని, వాటిని గుణించాలి. వాళ్లిచ్చిన ఉదాహరణలో 1721, 299. గుణిస్తే 5,14,579. నా ఇన్‌పుట్‌లో 200 అంకెలు. క్రాస్ జాయినర్ పెడితే ప్రతి అంకె ప్రతి అంకెతో జతపడి 40,000 వరుసలైంది, వడపోస్తే వచ్చేసింది. రెండో భాగంలో మూడు అంకెలు కావాలి. అదే ఊపులో ఇంకో క్రాస్ జాయినర్ తగిలించాను. 80 లక్షల వరుసలు. మా ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. తర్వాత తెలివొచ్చింది: రెండేసి జతల్లో 2020 దాటినవి ముందే తీసేసి, 2020కి ఇంకెంత తక్కువో ఒక కాలమ్‌లో రాసుకుని, ఆ అంకె అసలు జాబితాలో ఉందేమో జాయినర్‌తో వెతికితే చాలు. మూడో అంకెను పుట్టించక్కర్లేదు, అడిగితే చాలు.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది మొదలవుతుంది. మొదటిసారి నా పట్టికలో ఒక వరుస అంటే ఒక అంకె. తర్వాత ఒక వరుస అంటే ఒక జత. జత చేసుకున్నాక పజిల్ పనే మారిపోయింది. డబ్బాలు ఏవి, గీతలు ఎటు అన్నది చిన్న సంగతి. ఒక వరుస అంటే ఏంటి అన్నది తేల్చుకోవడమే ఇందులో కష్టమంతా. ఇది నాకు పూర్తిగా ఎక్కింది చేపల పజిల్‌తో.

2021 ఆరో రోజు. లాంతరు చేపలు. ఒక్కో చేపకు ఒక అంకె, ఇంకెన్ని రోజులకు పిల్ల పెడుతుందో చెప్పేది. రోజుకొకటి తగ్గుతుంది. సున్నా ఉన్న చేప మర్నాడు మళ్లీ 6కి పోతుంది, దాంతోపాటు 8 అంకెతో కొత్త చేప పుడుతుంది. మొదట 3, 4, 3, 1, 2 అంకెలతో అయిదు చేపలుంటే 80 రోజులకు ఎన్ని? జవాబు 5,934. నేను చేపకొక వరుస పెట్టాను. అది తప్ప ఇంకోటి తోచలేదు కూడా. ఒక చుట్టులో వచ్చిన పట్టికనే మళ్లీ మొదటికి పంపే రికర్సివ్ లూప్ పెట్టి 80 చుట్లు తిప్పాను. నా అసలు ఇన్‌పుట్‌లో 300 చేపలు, చివరికి మూడు లక్షల పైచిలుకు వరుసలయ్యాయి. నత్తనడకే గానీ జవాబొచ్చింది. రెండో భాగం తెరిస్తే ఒకే మార్పు: 80 కాదు, 256 రోజులు. ఆ అయిదు చేపల ఉదాహరణకే జవాబు 26,98,44,57,539. రెండు వేల ఆరువందల తొంభై ఎనిమిది కోట్ల పైన. చేపకొక వరుసంటే ఇక అయినట్టే.

ఆ రోజంతా ఏమీ తోచలేదు. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువు గుర్తొచ్చింది. ఒకసారి చేప పిల్లలు వదలడానికి వ్యాన్ వచ్చింది. వేల పిల్లలు, ఎవరు లెక్కపెడతారు? ఒక మగ్గులో ఎన్ని పడతాయో ఒకసారి లెక్కపెట్టారు, ఆ తర్వాత మగ్గులు లెక్కపెడుతూ పోశారు. అది అంచనా లెక్క, నాకు కావాల్సింది పక్కా లెక్క, రెండూ ఒకటి కావు. కానీ ఒక్కో చేపను చూడటం మానేశారు కదా అనిపించింది. అంకె 3 ఉన్న చేపలన్నీ ఒకేలా బతుకుతాయి, వాటిలో దేన్నీ విడిగా చూడాల్సిన పని లేదు. వరుస అంటే చేప కాదు. వరుస అంటే అంకె, దాని పక్కన ఆ అంకె ఉన్న చేపలెన్నో.

కిందికొచ్చి, ఒకే అంకె ఉన్న వరుసల్ని ఒకటిగా కలిపే గ్రూప్‌బై డబ్బా లూప్ ముందు ఒకటి, లోపల ఒకటి పెట్టాను. 300 వరుసలు కాస్తా అయిదో ఆరో అయ్యాయి. ఎన్ని కోట్ల చేపలున్నా 0 నుంచి 8 దాకా తొమ్మిది వరుసలే, అంతకు మించవు. 256 చుట్లు టీ చల్లారేలోపు తిరిగేశాయి. జవాబు మాత్రం మొదట తప్పొచ్చింది, ఎందుకంటే మామూలు పూర్ణాంకాల కాలమ్‌లో 2,14,74,83,647 దాకే పడుతుంది. ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకానికి మార్చాక సరైంది. పైథాన్ భాషలో కోడ్ రాసి చేసేవాళ్లు కూడా చాలామంది మొదట చేపల్ని ఒక్కొక్కటిగా జాబితాలో పేర్చుకుంటూ పోయి ఇదే గుంటలో పడతారు. గుంట భాషది కాదు.

రికర్సివ్ లూప్ గురించి ఒక మాట, ఎందుకంటే నన్ను చాలామంది ఇదే అడుగుతారు. మిల్లులో షెల్లర్ తర్వాత సెపరేటర్ ఉంటుంది. ఊక ఊడిన బియ్యాన్ని పాలిష్ వైపు పంపుతుంది, ఊడకుండా తప్పించుకున్న వడ్లను మళ్లీ షెల్లర్‌కే తిప్పి పంపుతుంది. నైమ్ లూప్ చివరి డబ్బాకు కూడా అచ్చం అలాగే రెండు మూతులు. ఒకదాంట్లో పోసింది పోగుపడుతుంది, రెండోదాంట్లో పోసింది మళ్లీ మొదటికెళ్తుంది. ఏది ఎందులో పొయ్యాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంతా చెప్పి ఇదే గొప్ప అంటే అబద్ధమవుతుంది. 2020 పదిహేనో రోజు పజిల్ నన్ను ఏడిపించింది. వరసగా అంకెలు చెప్తూ పోవాలి. ఇందాక చెప్పిన అంకె కొత్తదైతే ఇప్పుడు 0, పాతదైతే అది అంతకుముందు చెప్పి ఎన్ని వంతులైందో ఆ అంకె. మొదటి భాగంలో 2020వ అంకె ఏదంటారు. రెండో భాగంలో మూడు కోట్లవది. ప్రతి అంకె ముందుదాని మీద ఆధారపడుతుంది కాబట్టి పట్టికలో ఒక్క దెబ్బకు చేసే వీల్లేదు, చుట్టు చుట్టుకూ తిరగాల్సిందే. చుట్టుకు ఒక్క సెకను వేసుకున్నా 347 రోజులు. అంటే వచ్చే డిసెంబర్‌కి జవాబు. చివరికి పైథాన్ డబ్బా పెట్టి పది లైన్లు కోడ్ రాశాను. అది మోసం కిందికి వస్తుందని ఒక స్నేహితుడు వాదించాడు. నాకలా అనిపించలేదు. ఇక్కడ 'ఒక వరుస' అనేదే లేదు, వరుసే లేని చోట పట్టిక ఎందుకు?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఇది పజిళ్లది కాదు, రోజువారీది. కోడ్ అయితే నిన్నటికీ ఇవాళ్టికీ ఏ లైను మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. నైమ్‌లో చేసింది ఒక ఫోల్డర్ నిండా ఎక్స్‌ఎమ్ఎల్ ఫైళ్లుగా దాచుకుంటుంది, మనిషి చదివి తేడా పట్టేలా ఉండదు. డబ్బాలు యాభై దాటితే గీతలు చిక్కుపడ్డ నూలులా అవుతాయి, నేను చేసిందే నాకు నెల తర్వాత అర్థం కాదు. ఈ విషయంలో కోడ్ వాళ్లదే పైచేయి, నాకేం అభ్యంతరం లేదు.

నాకు అభ్యంతరం ఉన్నది రెండు మాటల మీద. ఒకటి ఆ ఇంటర్వ్యూ ఆయన మాట. రెండోది ఇలాంటి టూల్స్ అమ్మేవాళ్ల ప్రచారం: కోడ్ అక్కర్లేదు, ఎవరైనా చేసేయొచ్చు, లాగి వదిలితే చాలు. వినడానికి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి గానీ రెండిటిదీ ఒకటే పొరపాటు. కష్టమంతా టైపు చెయ్యడంలో ఉందనుకుంటారు. అందుకే ఒకాయన టైపు చెయ్యలేదు కాబట్టి పని కాదంటాడు, ఇంకొకరు టైపు చెయ్యక్కర్లేదు కాబట్టి కష్టమే లేదంటారు. చేపల పజిల్ దగ్గర నేను టైపు చేసింది దాదాపు ఏమీ లేదు. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం బట్టలు తీసేదాకా కష్టపడ్డాను.

మొన్న డిసెంబర్‌లో నాయిన మిల్లులో గుమాస్తా వారం సెలవు పెట్టాడు. వానాకాలం పంట, సాగర్ ఎడమ కాల్వ కింది సన్నాలన్నీ ఒకేసారి వస్తున్నాయి, గేటు బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్ల వరస. చిట్టీలు నాయిన నెత్తిన పడ్డాయి. రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, ఊక దుమ్ముతో ఉన్న చొక్కా జేబులోంచి చిట్టీల కట్ట తీసి నా ముందు పడేశాడు.

"ఏ రైతువి ఎన్ని క్వింటాళ్లో తియ్యి బిడ్డా. నీ డబ్బాలల్ల పెట్టు."

చిట్టీలు చూస్తే నాకేం అర్థం కాలేదు. ఒకే ట్రాక్టర్ నంబర్‌తో కొన్నిచోట్ల రెండు చిట్టీలు, కొన్నిచోట్ల మూడు.

"ట్రాక్టర్‌కు ఒక వరుస రాయాల్నా నాయినా, రైతుకు ఒకటి రాయాల్నా?"

"రెండూ కాదు. కాంటాకు ఒకటి రాయి."

"అదేంది?"

"ఒక ట్రాక్టర్ల ఇద్దరి వడ్లు వస్తయి. నిండుగ ఒక కాంటా పెడ్తం. ఒకలవి దించినంక ఒక కాంటా. అంత దించినంక ఖాళీది ఒక కాంటా. గంతే."

మొదటి ట్రాక్టర్ తీసుకున్నా. 9,840, 6,420, 3,480. మూడు వరుసలు. పక్కన లాగ్ కాలమ్ పెట్టి తీసివేస్తే మొదటి రైతువి 3,420 కిలోలు, రెండో రైతువి 2,940. నాయిన వేళ్ల మీద లెక్కేసి తలూపాడు. రెండో ట్రాక్టర్ దగ్గరికి రాగానే ఒక రైతుకు మైనస్‌లో వచ్చింది. మొదటి ట్రాక్టర్ ఖాళీ తూకంలోంచి రెండో ట్రాక్టర్ నిండు తూకం తీసేసింది మరి. ఒక్కో ట్రాక్టర్ వరుసల్ని విడివిడిగా తిప్పేలా ట్రాక్టర్ నంబర్ మీద గ్రూప్ లూప్ పెట్టి, లాగ్ కాలమ్‌ను దాని లోపలికి జరిపాను. పచ్చ లైటు వెలిగింది. పట్టిక తెరిచాను.

ప్రతి ట్రాక్టర్ మొదటి వరుసలో ఎర్ర ప్రశ్నార్థకం. నాయిన కళ్లద్దాలు పైకి తోసుకుని దాని మీద వేలు పెట్టాడు. "గిదేంది, గీడ తప్పొచ్చింది?"

"తప్పు కాదు నాయినా. ఇంకా ఏం దించలే కదా."